ఊరు దాటి వెళ్లి ఊరినే గీసిన తోట వైకుంఠం

చిత్రలేఖనం పోటీ అంటే చాలు, మన హాస్టల్లో అందరం ఒకే బొమ్మ వేస్తాం. రెండు కొండలు, మధ్య సూర్యుడు, పక్కన గుడిసె. నాగలాపురం కొండలు చూస్తూ పెరిగినవాళ్లం కూడా ఆ ముక్కోణపు కొండలే గీస్తాం!

ప్రసిద్ధ చిత్రకారుడు తోట వైకుంఠం 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఊరికి వచ్చే నాటకాల్లో మగవాళ్లే ముఖానికి రంగు పూసుకుని ఆడవేషం కడుతుంటే చూస్తూ పెరిగారు. హైదరాబాదులో చిత్రకళ చదివి, పై చదువుకు బరోడా వెళ్లారు. అక్కడ కె.జి. సుబ్రమణ్యన్ వద్ద నేర్చుకున్నారు. బరోడా ఎక్కడ, బూరుగుపల్లి ఎక్కడ! అంత దూరం వెళ్లొచ్చి ఆయన గీసింది మాత్రం తెలంగాణ పల్లె ఆడవాళ్లనే. నల్లని ఒళ్లు, నుదుట పెద్ద బొట్టు, అంచు చీర, ఒక్కోసారి పక్కన చిలుక. ఎరుపు, పసుపు, కాషాయం వంటి కొద్ది రంగులే. 'దాసి' (1988) సినిమాకు కళాదర్శకుడిగా జాతీయ అవార్డు కూడా పొందారు.

ఆ బొమ్మల్లోని ఆడవాళ్లు ఎవరి ముందూ తలవంచినట్లు కనబడరు. మన అమ్మలేమో హాస్టల్ గేటు దగ్గరే నిలబడిపోతారు. అరవం కలిసిన వాళ్ల మాటకు ఎవరైనా నవ్వుతారేమోనని, మనమే వాళ్లను తొందరగా బస్సెక్కించిన రోజులున్నాయి. రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఈసారి పోటీలో ఆరో తరగతి తమ్ముడొకడు కొండలు వేయలేదు. వాళ్లమ్మను గీశాడు. బొట్టు మరీ పెద్దదైంది. బహుమతి రాలేదు గానీ, ఆ బొమ్మను భోజనాల గదిలో గోడకు అంటించాం.