ప్రపంచం తెలియాలంటే పాస్‌పోర్టు ఉండాలా?

విదేశాలు చూడని పిల్లలకు ప్రపంచజ్ఞానం ఎలా వస్తుందని కొందరు తల్లిదండ్రుల బెంగ. నేనూ ఏ దేశమూ వెళ్లలేదు.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు యానాంలో బ్యాంకు గుమాస్తాను. కువైట్ డ్రాఫ్టులు ఆగిపోయాయి. "మా అమ్మాయి డబ్బు ఎందుకు రాలేదు బాబూ?" అని కౌంటరు దగ్గర ఒక పెద్దావిడ అడిగితే నీళ్లు నమిలాను. ఆ రాత్రి మా తమ్ముడి స్కూలు అట్లాసు తెరిచాను. యుద్ధంతో చమురు ధర పెరిగింది, మన విదేశీ మారకద్రవ్యం తరిగింది, 1991 జులైలో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించారు. ఆమె ప్రశ్నే నాకు ఈ పాఠం నేర్పింది.

వెళ్లగలిగినవారు వెళ్లండి, పరాయి భాష, తిండి అక్కడే తెలుస్తాయి. అప్పు చేసి మాత్రం వద్దు.

విద్యార్థులారా, 2022 ఏప్రిల్‌లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఎందుకు ఆపిందో, మన వంటింటికి దానితో ఏం సంబంధమో అట్లాసు పక్కన పెట్టుకుని ఒక పేజీ రాయండి.