విత్తన నిల్వ గదుల్లో స్ప్లిట్ ఎ.సి. రాగి గొట్టాల ఎంపిక: జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతాలకు సూచనలు

మినుము పైరు పొలంలో ఉండేది 75-80 రోజులు. దాని నుంచి తీసిన విత్తనం మరుసటి రబీ వరకు గిడ్డంగిలో ఉండేది ఏడెనిమిది నెలలు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీసిన మిరప విత్తనం కూడా జూలై, ఆగస్టు నారుమళ్ల వరకు వేచి ఉండాలి. ఎన్టీఆర్ జిల్లాలో భాగమైన పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, ముఖ్యంగా జగ్గయ్యపేట, నందిగామ మండలాల్లో, ఈ నిరీక్షణ కాలమంతా తీవ్రమైన ఎండల మీదుగా సాగుతుంది. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 44-45 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం ఇక్కడ అరుదు కాదు. ఆ వెంటనే తొలకరి తేమ మొదలవుతుంది. విత్తనానికి వేడి, తేమ రెండూ శత్రువులే.

చిన్న గదిని స్ప్లిట్ ఎ.సి.తో చల్లబరచి విత్తనం నిల్వ చేయడం విత్తనోత్పత్తి రైతులకు, ఉత్పత్తిదారుల సంఘాలకు అందుబాటులో ఉన్న మార్గం. యంత్రం కొనేటప్పుడు టన్నులు, నక్షత్రాలు, ధర పరిశీలిస్తారు. లోపలి యూనిట్‌ను, బయటి యూనిట్‌ను కలిపే రాగి గొట్టాల ఎంపికను మాత్రం బిగించే వ్యక్తికి వదిలివేస్తారు. వేసవిలో ఆ గది పనితీరు ఎక్కువగా ఆ గొట్టాల మీదనే ఆధారపడి ఉంటుంది. విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు గమనించవలసిన అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

చల్లదనం విలువ

విత్తన నిల్వపై హారింగ్టన్ సూత్రం ప్రకారం నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ విత్తనం ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. విత్తనంలోని తేమ ఒక శాతం తగ్గినా ఫలితం అంతే. గది ఉష్ణోగ్రతను 35 డిగ్రీల నుంచి 20 డిగ్రీలకు తగ్గిస్తే మూడు మెట్లు దిగినట్లు, అంటే ఆయుష్షు సుమారు 8 రెట్లు పెరిగినట్లు. ఇది స్థూలమైన అంచనాయే అయినా నిర్ణయాలకు ఉపకరిస్తుంది.

అయితే ఎ.సి. ఒక్కటే చాలదు. ఫారన్‌హీట్‌లో చెప్పిన ఉష్ణోగ్రత, గాలిలోని తేమ శాతం కలిపి 100 మించరాదన్నది హారింగ్టన్ చెప్పిన మరో నియమం. 20 డిగ్రీల సెల్సియస్ అంటే 68 డిగ్రీల ఫారన్‌హీట్. అప్పుడు గాలిలో తేమ 32 శాతానికి మించరాదు. సాధారణ ఎ.సి. అంత పొడి గాలిని ఇవ్వలేదు. కనుక ముందుగా విత్తనాన్ని బాగా ఆరబెట్టి, తేమ చొరబడని సంచుల్లో నింపాలి. విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం ఇటువంటి సంచుల్లో నిల్వ చేసే మినుములో తేమ 8 శాతం, మిరపలో 6 శాతం మించకూడదు.

వ్యాసం తగ్గిస్తే కలిగే నష్టం

స్ప్లిట్ ఎ.సి.లో రెండు గొట్టాలు ఉంటాయి. సన్నని గొట్టం శీతలీకరణ ద్రవాన్ని గదిలోకి తెస్తుంది. లావు గొట్టం వేడిని గ్రహించిన వాయువును బయటి కంప్రెసర్‌కు చేరుస్తుంది. ఒకటిన్నర టన్ను యంత్రాల్లో తరచుగా సన్నని గొట్టం 6.35 మి.మీ. (పావు అంగుళం), లావు గొట్టం 12.7 మి.మీ. (అర అంగుళం) ఉంటాయి. ఒక టన్ను యంత్రాల్లో లావు గొట్టం సాధారణంగా 9.52 మి.మీ. ఉంటుంది. నమూనాను బట్టి ఈ కొలతలు మారుతాయి కనుక తయారీదారు అమరిక పత్రంలోని కొలతనే ప్రమాణంగా తీసుకోవాలి.

12.7 మి.మీ. గొట్టం కావలసిన చోట ఖర్చు తగ్గుతుందని 9.52 మి.మీ. గొట్టం వేస్తే ఏమవుతుంది? గోడ మందం 0.8 మి.మీ. అనుకుంటే లోపలి వ్యాసం 11.1 నుంచి 7.9 మి.మీ.కు తగ్గుతుంది. వాయువు ప్రవహించే వైశాల్యం సగమవుతుంది. బిందు సేద్యపు లేటరల్ గొట్టాల లెక్క తెలిసినవారికి మిగిలినది సులభంగా బోధపడుతుంది. ఒకే ప్రవాహానికి ఒరిపిడి నష్టం వ్యాసం అయిదో ఘాతానికి విలోమంగా మారుతుంది. ఇక్కడ ఆ నష్టం అయిదు రెట్లకు పైగా పెరుగుతుంది. కంప్రెసర్‌కు పలుచని వాయువు అందుతుంది, చల్లదనం తగ్గుతుంది, మోటారు వేడెక్కుతుంది. అవసరానికి మించి లావు గొట్టం వేయడం కూడా సరికాదు. వాయు వేగం తగ్గి, గొట్టంలోకి చేరిన నూనె కంప్రెసర్‌కు తిరిగి రాదు.

పీడనం, పాత గొట్టాలు

పాత ఆర్-22 యంత్రం తీసి ఆర్-32 యంత్రం పెట్టేటప్పుడు గోడలో ఉన్న పాత గొట్టాన్నే వాడాలన్న ఆలోచన సహజం. 50 డిగ్రీల వద్ద ఆర్-22 పీడనం సుమారు 19 బార్లు. అదే ఉష్ణోగ్రత వద్ద ఆర్-32 పీడనం 31 బార్లకు పైగా ఉంటుంది. 60 డిగ్రీలకు చేరితే అది 39 బార్లవుతుంది. మెట్ట ప్రాంతపు మే నెల ఎండలో బయటి యూనిట్ ఈ స్థాయికి చేరువలో పనిచేయవచ్చు. పైగా పాత గొట్టంలో మిగిలిన ఖనిజ నూనె కొత్త యంత్రపు నూనెతో కలవదు. కాబట్టి కొత్త యంత్రానికి కొత్త గొట్టాన్నే వాడాలి. చివరలు మూసి ఉన్న, అతుకులు లేని, మెత్తని రాగి గొట్టాన్ని ఎంచుకోవాలి. మందాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి చూడాలి.

నీడ ముఖ్యమా, పొడవు ముఖ్యమా?

గొట్టం ఎంత చిన్నదైతే అంత మంచిదని అనుకుని బయటి యూనిట్‌ను పడమటి గోడకు, డాబా మీద బిగించడం కనిపిస్తుంది. ఉత్తరపు లేదా తూర్పు గోడ నీడలో పెట్టడానికి మూడు, నాలుగు మీటర్ల గొట్టం అదనంగా పట్టినా ఈ ప్రాంతంలో అదే మేలు. సరైన వ్యాసం గల గొట్టంలో ఆ అదనపు పొడవు వల్ల కలిగే నష్టం స్వల్పం. ఎండలో ఉన్న యూనిట్ మాత్రం వేసవి పొడవునా అధిక పీడనంతో పనిచేయాలి. అదనపు పొడవుకు కావలసిన గ్యాస్‌ను తయారీదారు చెప్పిన లెక్క ప్రకారం తూకం వేసి నింపాలి. పొడవు, ఎత్తుల పరిమితులను దాటరాదు. సిమెంటు కర్మాగారాల దుమ్ము పడే గ్రామాల్లో బయటి యూనిట్ రెక్కలను తరచుగా శుభ్రం చేయాలి.

తొడుగు

స్ప్లిట్ ఎ.సి.లలో ద్రవ పీడనాన్ని తగ్గించే భాగం చాలావరకు బయటి యూనిట్‌లోనే ఉంటుంది. అందువల్ల సన్నని గొట్టం కూడా చల్లగానే ఉంటుంది. రెండు గొట్టాలకూ విడివిడిగా నైట్రైల్ రబ్బరు తొడుగు వేయాలి. వర్షాకాలంలో 30 డిగ్రీల గాలిలో 85 శాతం తేమ ఉంటే దాని మంచు బిందువు సుమారు 27 డిగ్రీలు. పది డిగ్రీల దగ్గర ఉండే గొట్టం మీద నీరు చేరక తప్పదు. ఆ నీరు గోడ వెంట దిగి విత్తన సంచుల కిందికి చేరుతుంది. గది లోపల 13 మి.మీ., వెలుపల 19 మి.మీ. మందం గల తొడుగు అనుకూలం. ఎండకు తొడుగు పెళుసెక్కుతుంది, ఎలుకలు, ఉడుతలు దాన్ని కొరుకుతాయి. కాబట్టి బయటి భాగాన్ని ప్లాస్టిక్ లేదా రేకు కాలువలో ఉంచి, గోడ రంధ్రాన్ని మూసివేయాలి.

బిగించిన తరువాత పరీక్షలు

గొట్టాలను పొడి నత్రజనితో తయారీదారు సూచించిన పీడనం వద్ద పరీక్షించాలి. ఆక్సిజన్‌ను ఎన్నడూ వాడరాదు. నూనెతో కలిసి అది పేలుతుంది. ఉదయం 28 డిగ్రీల వద్ద 30 బార్లు నింపితే, మధ్యాహ్నం 42 డిగ్రీలకు కారుడు లేని గొట్టంలో గేజి సుమారు 31.4 బార్లు చూపాలి. అప్పుడు కూడా 30 దగ్గరే నిలిచి ఉంటే, పీడనం తగ్గలేదని సంతోషించరాదు. గ్యాస్ ఎక్కడో కారుతున్నదని గ్రహించాలి. అన్ని కీళ్ల వద్ద సబ్బు నురుగుతో వెతకాలి.

తరువాత వాక్యూమ్ పంపుతో 500 మైక్రాన్ల కంటే తక్కువకు గాలిని తీసివేసి, పంపును వేరుచేసి గమనించాలి. గేజి ఆగకుండా పెరుగుతూ ఉంటే కారుడు ఉన్నట్లు. కొంత పెరిగి నిలిస్తే లోపల తేమ మిగిలినట్లు. గ్యాస్‌నే కొద్దిగా వదిలి గాలిని బయటకు నెట్టే పద్ధతి తేమను తొలగించదు. ఆర్-32కు స్వల్పంగా మండే గుణం ఉన్నందున అది ప్రమాదకరం కూడా.

విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

గ్యాస్ నెమ్మదిగా కారిపోయేటప్పుడు ఏ శబ్దమూ రాదు. పంకా తిరుగుతూనే ఉంటుంది, గాలి వీస్తూనే ఉంటుంది. గది 32 డిగ్రీలకు చేరినా విత్తనం రంగు మారదు. నష్టం బయటపడేది నారుమడిలో మొలక రానప్పుడే. అప్పటికి రైతు అదను దాటిపోతుంది. ధ్రువీకరణకు మినుములో 75 శాతం, మిరపలో 60 శాతం మొలక అవసరం. గదిలో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణమాపకాన్ని ఉంచి రోజూ రాయించాలి. ఏప్రిల్ నుంచి నెలకొకసారి మొలక పరీక్ష చేయించాలి.

గొట్టాల అమరిక, పరీక్షలు విత్తనం గదిలో చేరకముందే, ఫిబ్రవరి నాటికి పూర్తి కావాలి. గొట్టం వ్యాసం, మందం, పొడవు, నింపిన గ్యాస్ బరువు, పరీక్ష పీడనం, తేదీ రాసిన కాగితాన్ని గది తలుపు లోపలి వైపు అంటించాలి. గరికపాడు వ్యవసాయ పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం పరిధిలో విత్తనోత్పత్తిపై ఇచ్చే శిక్షణలో ఆరబెట్టడం, శుద్ధి, సంచులతో పాటు ఈ అంశానికీ ఒక గంట కేటాయిస్తే, వేసవిలో జరిగే నష్టాన్ని రైతులు ముందుగానే నివారించుకోగలుగుతారు.