సర్వర్ రీబూట్ చేసే ముందు ఇది చదవండి!

వర్చువల్ మెషీన్లు, స్టోరేజ్ రెండూ అవే సర్వర్లలో నడిస్తే అది హైపర్‌కన్వర్జ్‌డ్ క్లస్టర్. ప్రాక్స్‌మాక్స్, సెఫ్‌తో 4 నోడ్లు, డేటాకు 3 కాపీలు ఉన్నాయనుకోండి. అప్‌డేట్‌కి నేను పాటించే వరుస ఇదీ:

1. స్టేటస్‌లో "హెల్త్ ఓకే" లేకపోతే అసలు మొదలుపెట్టను.

2. ఆ నోడ్‌లోని మెషీన్లను పక్క నోడ్లకు లైవ్ మైగ్రేట్ చేస్తా.

3. "నోఅవుట్" ఫ్లాగ్ పెడతా. లేదంటే డీఫాల్ట్‌గా 10 నిమిషాలయ్యాక సెఫ్ ఆ డిస్కులు పోయాయనుకుని డేటాను మళ్లీ కాపీ చేయడం మొదలుపెడుతుంది.

4. రీబూట్ అయ్యాక ఫ్లాగ్ తీసేస్తా. మళ్లీ "హెల్త్ ఓకే" వచ్చేదాకా ఇంకో నోడ్‌ని ముట్టుకోను.

తొందరపడి రెండోదీ ఆపేస్తే? 4 ఓట్లలో 2 అంటే మెజారిటీ కాదు, కోరం పోతుంది. కొంత డేటాకు ఒక్క కాపీయే మిగులుతుంది, దానిపై రీడ్, రైట్ రెండూ ఆగిపోతాయి. అందుకే ఒకసారికి ఒక్క నోడే!