హుమ్నాబాద్ బస్సు ఎన్ని గంటలకు? ఒక ఇంగ్లీషు పాఠం తయారీ

హుమ్నాబాద్ బస్టాండులో పది నిమిషాలు నిలబడితే నాలుగైదు భాషలు చెవిన పడతాయి. బీదర్, కలబురగి బస్సుల దగ్గర కన్నడం, బసవకల్యాణ వైపు వెళ్లేవాళ్ల మరాఠీ, జహీరాబాద్ బస్సు కోసం చూసేవాళ్ల తెలుగు, అందరినీ కలిపే దక్కనీ. తండాల నుంచి వచ్చినవాళ్లు తమలో తాము లంబాడీ మాట్లాడుకుంటారు. పన్నెండేళ్ల పిల్లవాడు కండక్టరును కన్నడంలో టికెట్టు అడుగుతాడు, పక్కసీటు దోస్తుతో దక్కనీలో ముచ్చట పెడతాడు, ఇంటి నుంచి ఫోనొస్తే తెలుగులో బదులిస్తాడు. భాష మార్చానన్న ధ్యాస కూడా వాడికి ఉండదు. అదే పిల్లవాడు ఇంగ్లీషు పీరియడులో తల వంచుకుని కూర్చుంటాడు.

ఇన్ని భాషల్లో ఈదేవాడికి ఇంకొక్క భాష కొరకరాని కొయ్య ఎందుకవుతోంది? వాడి దగ్గరున్న విద్యను మనమే చెప్పుల్లా గుమ్మం బయట విడిపించి లోపలికి రానిస్తున్నామని నా నమ్మకం. కర్ణాటక ప్రభుత్వ బడుల్లో 2007 నుంచి ఒకటో తరగతిలోనే ఇంగ్లీషు సబ్జెక్టుగా ఉంది. ఏడో తరగతికొచ్చేసరికి ఇంగ్లీషు పిల్లల చెవిన పడకపోలేదు, దానితో వాళ్లకు పని పడలేదంతే. ఆ పని కల్పించే పాఠం ఒకటి ఎలా తయారుచేసుకోవచ్చో ఇక్కడ మొదటి నుంచీ చెబుతాను. నలభై మంది పిల్లలు, రెండు పీరియడ్లు, ఒక బస్సుల పట్టిక చాలు.

పాఠానికి రెండు రోజుల ముందే పని మొదలవుతుంది. గోడకు ఒక చార్టు అంటించి, ఇంట్లో అమ్మతో ఏ భాష, ఆటలో ఏ భాష, అంగట్లో ఏ భాష అని పిల్లల్నే రాయమనాలి. చాలామంది పేరు ఎదుట మూడు భాషలు నిండుతాయి. లంబాడీ పిల్లలు తమ భాష పేరు రాయడానికి వెనకాడితే మేష్టారే ముందుగా ఆ గడి గీసి పెట్టాలి. ఈ ఊరికి ఇన్ని భాషలు కొత్తేమీ కాదు. పక్కనే మాణిక్‌నగర్‌లో 1865లో సమాధి చెందిన మాణిక్ ప్రభువు మరాఠీ, కన్నడ, హిందీ భాషల్లో పదాలు కట్టాడు. 1948 దాకా ఈ జిల్లా ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో ఉండేది, 1956లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. పిల్లల తాతముత్తాతలు రాజ్యం మారినప్పుడల్లా ఒక భాష అదనంగా నేర్చుకుంటూ వచ్చినవాళ్లే.

ఇక సరుకు. పాఠ్యపుస్తకంలో లండన్ వంతెన మీద పాఠం ఉన్నా సరే, ఈ వారానికి పక్కన పెట్టి బస్టాండుకు వెళ్లండి. బెంగళూరు, మద్రాసు బడుల్లో 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు నడిపిన ప్రయోగం ఈ దారినే నడిచింది. వ్యాకరణం వరసగా చెప్పడం, వాక్యాలు వల్లె వేయించడం ఆయన మానేశాడు. రైళ్ల పట్టికలు, పటాలు, లెక్కల్లాంటి చిక్కుముళ్లు పిల్లల ముందు పెట్టి, ఇంగ్లీషులోనే విప్పమన్నాడు. మనసు అర్థం మీద లగ్నమైనప్పుడే భాష లోపల కుదురుకుంటుందన్నది ఆయన వాదం. 1987లో దాన్ని పుస్తకంగా రాశాడు. ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునే టాస్క్ ఆధారిత బోధనకు తొలి పెద్ద తరగతి గది ప్రయోగాల్లో ఒకటి మన దక్షిణాది ప్రభుత్వ బడుల్లో జరిగిందని మన టీచర్లలో ఎందరికి తెలుసు? తెలిస్తే గర్వంగా ఉంటుంది, ధైర్యంగానూ ఉంటుంది.

పట్టిక చిన్నదిగా ఉండాలి. సమయాలు పాఠం కోసం కల్పించుకోవచ్చు. హుమ్నాబాద్ నుంచి బీదర్‌కు మూడు బస్సులు అనుకుందాం: 7:15కు బయల్దేరేది 8:40కి చేరుతుంది, 8:30ది 9:55కు, 9:45ది 11:10కి. ఒక అక్కకు బీదర్‌లో పది గంటలకు ఇంటర్వ్యూ ఉంది. బస్టాండు నుంచి ఆఫీసుకు ఇరవై నిమిషాల నడక. ఆమె ఏ బస్సెక్కాలి? తొందరపడ్డవాళ్లు 8:30 బస్సంటారు, పదిలోపు చేరుతుంది కదా అని. నడక కలిపితే పదింపావు. ఆ ఇరవై నిమిషాల కోసమే పిల్లలు వాక్యాన్ని రెండోసారి చదువుతారు, ఈసారి మార్కుల కోసం కాదు.

మాటలు పది చాలు: లీవ్, రీచ్, బిఫోర్, ఆఫ్టర్, ఎర్లీ, లేట్, వాక్, వెయిట్, మిస్, విచ్. ముప్ఫై మాటల జాబితా నల్లబల్ల మీద రాసి ఎక్కించుకోమనడంలో నాకు నమ్మకం లేదు. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1920లలోనే తక్కువ మాటలతో, అవే మాటలు మళ్లీ మళ్లీ తగిలేలా చదివించాలని చెప్పాడు. ఈ పది మాటలు ఇవాళ, ఎల్లుండి, వచ్చే వారం, వచ్చే నెల వేరువేరు పట్టికల్లో ఎదురుపడాలి.

మొదటి పీరియడులో తొలి పది నిమిషాలూ ఇంగ్లీషు ఉండదు. బస్సు ఎన్నింటికొస్తుందో ఎవరి భాషలో వాళ్లను అడగమనండి. కన్నడ పిల్ల ‘బస్ ఎష్టు గంటెగె బరుత్తదె’ అంటుంది. మరాఠీ పిల్లవాడు ‘బస్ కితీ వాజతా యేతే’ అంటాడు. దక్కనీలో ‘బస్ కిత్తే బజే ఆతీ’, తెలుగులో ‘బస్సు ఎన్ని గంటలకొస్తది’. నాలుగు వాక్యాలూ బల్ల మీద ఒకదాని కింద ఒకటి రాసి, మాటకు మాట గీతలు కలపండి. గీతలు నిట్టనిలువుగా దిగుతాయి. బస్సు ముందు, ఎన్ని తర్వాత, గంటలు ఆపైన, రావడం చివర. రెండు ద్రావిడ భాషలు, రెండు ఉత్తరాది కుటుంబానివి, అయినా ఒకే వరస. సాంగ్లీ జిల్లా కుప్వాడ్ అనే ఊళ్లో కన్నడ, మరాఠీ, ఉర్దూ, తెలుగు మాట్లాడేవాళ్ల మధ్య కన్నడ, మరాఠీ, ఉర్దూ వాక్యాలు ఎంతగా దగ్గరయ్యాయో గంపెర్జ్, విల్సన్ 1971లో రాశారు. భాషాశాస్త్రం చదివినవాళ్లందరికీ తెలిసిన ఆ అధ్యయనం సారం మన పిల్లలు సుద్దగీతలతో తేల్చేస్తారు.

ఇప్పుడు ఐదో వాక్యం: ‘వాట్ టైమ్ డజ్ ద బస్ కమ్?’ గీతలన్నీ అడ్డదిడ్డమవుతాయి. ప్రశ్నమాట ముందుకొచ్చింది, మధ్యలో ‘డజ్’ అనే మాటకు పైన జోడీయే లేదు. అదెందుకొచ్చిందో పిల్లల్నే ఊహించమనండి. ‘కమ్స్’లో ఉండాల్సిన ‘స్’ జరిగి ‘డజ్’లో కూర్చుందని ఎవరో ఒకరు పట్టుకుంటారు. పట్టుకోకపోతే మీరే చూపించండి. తప్పు చేస్తున్నది నేనొక్కణ్నే, నా బుర్రే మందం అనుకుంటున్న పిల్లవాడికి ఈ గీతలు పెద్ద ఊరట. తన నాలుగు భాషలూ ఒక దారి, ఇంగ్లీషు ఇంకో దారి అని కళ్లతో చూస్తాడు.

ఉచ్చారణలోనూ ఇలాంటి ఇచ్చిపుచ్చుకోలు ఉంది. దక్కనీ పిల్లల్లో చాలామంది ‘ఇస్కూల్’ అంటారు, కానీ ‘బస్’ అని చివరి హల్లు దగ్గర చక్కగా ఆగుతారు. తెలుగు, కన్నడ పిల్లలకు ‘స్కూ’ సులువే, కానీ చివర ఉకారం వచ్చి చేరి ‘స్కూలు’, ‘బస్సు’ అవుతుంది. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే ఒకరికి ఒకరు గురువులు.

తర్వాత పట్టిక. మొదటి చిక్కుముడి తరగతి అంతా కలిసి విప్పాలి. మేష్టారు ఇంగ్లీషులో అడుగుతారు, పిల్లలు ఒక్క మాటతో చెప్పినా, అంకెతో చెప్పినా, సగం తెలుగులో చెప్పినా తీసుకోవాలి. అసలు కిటుకు మాత్రం ప్రశ్న అడిగాక నోరు మూసుకోవడంలో ఉంది. అమెరికాలో మేరీ బడ్ రో 1970లలో తరగతి గదుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న వేశాక సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ పలకని పిల్లలు పలికారు. అది ఆమె పరిశీలించిన సైన్సు పాఠాల సంగతి. ఒక భాషలో విని, రెండో భాషలో ఆలోచించి, మూడో భాషలో చెప్పాల్సిన మన పిల్లలకు మూడు సెకన్లు కూడా తక్కువే. మనసులో ఐదు లెక్కపెట్టుకోండి. ఆ నిశ్శబ్దం మేష్టారికి ముళ్లమీద కూర్చున్నట్టుంటుంది, పిల్లలకు మాత్రం ఊపిరి తీసుకునే వేళ.

రెండో పీరియడులో రెండో చిక్కుముడి, ఎవరికి వారే. ప్రభు తరగతుల్లోనూ అలాగే, కలిసి ఒకటి, ఒంటరిగా ఒకటి. ఈసారి జహీరాబాద్‌లో పెళ్లి, ముహూర్తం పదకొండుకు. బస్సులు 8:00, 9:30, 10:15కు. చేరేది 9:10, 10:40, 11:25కు. మంటపానికి ఆటోలో పది నిమిషాలు. అమ్మమ్మ తొమ్మిదింటికి మాత్ర వేసుకోవాలి, వేసుకున్నాక అరగంట కదలకూడదు. ఇంటి నుంచి బస్టాండుకు పావుగంట. లెక్క కడితే ఏ బస్సూ కుదరదు. కనీసం సగం మంది పిల్లలు కనీసం సగం లెక్క సరిగా తేలిస్తే పని వాళ్ల స్థాయికి సరిపోయిందని ప్రభు కొలత, నాకూ అదే సబబనిపిస్తుంది.

అప్పుడు జంటలుగా కూర్చోబెట్టి, అమ్మమ్మను పెళ్లికి చేర్చే ఉపాయం చెప్పమనండి. మాత్ర బస్టాండులోనే వేసుకుంటే? ముందే వెళ్లి తొమ్మిదింటికి అక్కడ వేసుకుంటే 9:30 బస్సు అందుతుంది! ఆలోచన ఏ భాషలోనైనా రానీయండి, తరగతికి చెప్పేటప్పుడు మాత్రం ఇంగ్లీషు వాక్యం కావాలి. కెనడాలో ఏళ్ల తరబడి ఫ్రెంచిలో చదువులు విన్న పిల్లలు కూడా మాట్లాడేటప్పుడు తడబడటం చూసిన మెరిల్ స్వెయిన్, వినడం ఒక్కటే చాలదు, భాషను బయటికి తీసే పని కూడా పడాలని 1985లో వాదించింది.

దిద్దడం దగ్గర చాలా పాఠాలు పాడవుతాయి. పిల్ల లేచి ‘షీ గో నైన్ థర్టీ బస్’ అంటుంది. మనం మంచితనంతో ‘యస్, షీ గోస్ బై ద నైన్ థర్టీ బస్’ అంటాం. పిల్లకు వినబడేది ‘యస్’ ఒక్కటే. కెనడా తరగతుల్లోనే లిస్టర్, రాంటా 1997లో చూసింది ఇదే: టీచర్ల దిద్దుబాట్లలో సగానికి పైగా ఇలా మెల్లగా తిరగచెప్పడమే, పిల్లలు అందుకున్నది తక్కువ. అందుకని ముందు ఉపాయాన్ని మెచ్చుకోండి, ఆపైన ‘షీ...’ అని సాగదీసి ఆగండి. ‘గోస్’ ఆ పిల్ల నోటి నుంచే రావాలి. ఒక పాఠానికి ఒక్క తప్పు ఎంచుకుని దాన్నే పట్టుకోండి, మిగతావి వచ్చే వారానికి.

ఈ పద్ధతి అన్నిటికీ మందని నేననను. బెరెట్టా, డేవీస్ 1985లో ప్రభు తరగతులను కొలిచి, అనుకూలంగానే ఉన్నా కొన్ని సందేహాలతోనే తేల్చారు. చదవడం అలవాటు కావాలంటే పుస్తకాలే కావాలి. ఫిజీ దీవుల్లో, 1903 నుంచి మన దక్షిణాది కూలీలు కూడా వెళ్లి స్థిరపడిన చోట, 1980లో ఎల్లీ, మంగూభాయ్ పల్లెబడుల్లో నాలుగు, ఐదు తరగతులకు 250 కథల పుస్తకాలు పంచారు. ఏడాదిలో ఆ పిల్లలు మిగతావాళ్ల కంటే సుమారు రెట్టింపు వేగంగా చదవడం నేర్చుకున్నారు. తరగతి గదిలో ఒక తాడు కట్టి యాభై పల్చని బొమ్మల పుస్తకాలు వేలాడదీసినా మొదలుపెట్టవచ్చు.

శనివారం ఇంటిపని ఒక్కటే. అమ్మనో తాతనో వాళ్ల భాషలోనే అడిగి, ఇంట్లో నిజంగా జరగబోయే ప్రయాణం ఒకటి ఇంగ్లీషులో మూడు వాక్యాల చిక్కుముడిగా రాసుకురావాలి. డిసెంబరులో మాణిక్ ప్రభు జాతరకు వచ్చే చుట్టాలు కావచ్చు, కలబురగి ఆసుపత్రికి వెళ్లే నాయనమ్మ కావచ్చు. ఏ గైడులోనూ దీనికి జవాబు దొరకదు. సోమవారం ఆ చీటీలన్నీ డబ్బాలో వేసి, ఒకటి తీసి, బల్ల మీద పట్టిక కింద రాసి, ప్రశ్న అడిగి, మళ్లీ ఐదు లెక్కపెట్టండి.