సరుకు లాగే ట్రాక్టర్లకు మన్నికైన టైర్ల ఎంపిక: మోత్కూర్ మెట్ట ప్రాంత పరిస్థితులకు అనువైన లెక్కింపు విధానం

సారాంశం

దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో ట్రాక్టరు నేడు దుక్కి యంత్రం మాత్రమే కాదు, సరుకు లాగే వాహనం కూడా. అరిగిన టైరు స్థానంలో కొత్తది కొనేటప్పుడు రైతు సాధారణంగా దుక్కి కోసం లోతైన గట్లను, బరువు కోసం అధిక ప్లై రేటింగును కోరుకుంటాడు. ఈ రెండూ అన్ని సందర్భాలలో మన్నికను ఇవ్వవు. టైరు ఆయుష్షు చేసే పనికి, మోసే బరువుకు, నింపే గాలికి మధ్య గల పొందికపై ఆధారపడుతుంది. ఆ పొందికను గ్రామ స్థాయిలోనే లెక్కించే విధానం ఈ వ్యాసంలో వివరించబడినది.

నేపథ్యం

తొలితరం ట్రాక్టర్లకు ముళ్లతో కూడిన ఇనుప చక్రాలు ఉండేవి. అవి పొలంలో పట్టు ఇచ్చేవి గాని రోడ్డుపై నడవడానికి పనికివచ్చేవి కావు. 1932లో అమెరికాకు చెందిన అలిస్-చాల్మర్స్ సంస్థ ఫైర్‌స్టోన్ గాలి టైర్లు అమర్చిన ట్రాక్టరును విపణిలోకి తెచ్చిన తరువాత ఒకే యంత్రం పొలానికీ రోడ్డుకూ ఉపయోగపడసాగింది. టైరు ఎంపికలోని చిక్కు కూడా అక్కడే మొదలైంది. మెత్తని నేలలో పట్టు ఇచ్చే లోతైన గట్టు గట్టి రోడ్డుపై త్వరగా అరుగుతుంది.

2016 అక్టోబరు వరకు నల్గొండ జిల్లాలో ఉండి, ప్రస్తుతం యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న మోత్కూర్ మండలంలో ఈ చిక్కు స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడి చల్కా, దుబ్బ నేలలలోని గరుకు ఇసుక రబ్బరును ఆకురాయివలె అరగదీస్తుంది. బావులు, చెరువుల కింద వరి, మెట్టలో పత్తి, కంది సాగవుతాయి. వానాకాలం ఆరంభంలో దమ్ము పనులు ముగిసిన తరువాత ట్రాక్టరు పని క్రమంగా రోడ్డుపైకి మారుతుంది. అక్టోబరు నుండి పత్తి, వడ్ల రవాణా సాగుతుంది. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాలకు, మిల్లులకు చేరే ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అత్యధిక బరువు, అత్యధిక వేడి ఒకే కాలంలో టైరుపై పడతాయి.

టైరు చెడిపోయే మార్గాలు

టైరు మూడు విధాలుగా చెడిపోతుంది. మొదటిది అరుగుదల. రోడ్డుపై తిరిగే ప్రతి చుట్టులోనూ లగ్ (ఎత్తైన రబ్బరు గట్టు) కొద్దిగా వంగి, రాసుకొని, తిరిగి నిలుస్తుంది. గట్టు ఎంత ఎత్తుగా ఉంటే ఈ కదలిక అంత ఎక్కువ. రెండవది వేడి. గాలి తక్కువై బరువు ఎక్కువైనప్పుడు పక్క గోడ అతిగా వంగి లోపల వేడి పుడుతుంది, పొరలు విడిపోతాయి. మూడవది గాయం. కోసిన పత్తి కట్టె మోళ్లు, కంది మోళ్లు, బాట పక్కన సర్కారు తుమ్మ ముళ్లు, రాళ్ల అంచులు పక్క గోడను, పైభాగాన్ని కోస్తాయి.

పాత టైరును పారవేసే ముందు అది ఏ విధంగా చెడిపోయిందో పరిశీలించవలెను. మధ్యభాగం ఎక్కువగా అరిగితే గాలి అధికమని, రెండు అంచులు అరిగితే గాలి తక్కువ లేదా బరువు అధికమని, ముందు టైరు ఒకే అంచున అరిగితే చక్రాల అమరికలో లోపమున్నదని గ్రహించవచ్చును. కారణాన్ని సరిదిద్దకుండా టైరు మారిస్తే కొత్తది కూడా అదే విధంగా పోతుంది.

మొదటి మెట్టు: పని వాటా

టైరు కొనే ముందు ఒక ఏడాది పనిగంటలను దమ్ము, మెట్ట దుక్కి, రోడ్డు రవాణా అని మూడుగా విభజించి రాసుకోవలెను. ట్రాక్టరు గంటల మీటరు, ఒక నోటుపుస్తకం ఇందుకు చాలును.

వెనుక టైర్లలో ఆర్-1 సాధారణ వ్యవసాయ నమూనా. ఆర్-1డబ్ల్యు గట్లు దానికంటే సుమారు 20–25 శాతం లోతుగా ఉంటాయి. ఆర్-2 బురద నేలలకు ఉద్దేశించిన అతిలోతైన నమూనా. దమ్ము పనే ప్రధానమైన ట్రాక్టరుకు తప్ప ఆర్-2 టైరు తగదు. రోడ్డు గంటలు సగానికి మించిన చోట ఆర్-1 మేలు. దమ్ము అవసరం కొద్ది వారాలకే పరిమితమైతే ఆ కాలంలో కేజ్ వీల్స్ అమర్చుకొని, రోడ్డెక్కే ముందు వాటిని తప్పక తీసివేయవలెను. ట్రైలరు చక్రాలు ఇంజను శక్తితో తిరగవు కనుక వాటికి పట్టునిచ్చే గట్లు అవసరం లేదు. నిలువు గీతల నమూనా గల ట్రైలరు టైర్లే సరైనవి.

రెండవ మెట్టు: బరువు లెక్క

ప్లై రేటింగ్ అనగా టైరులోని పొరల సంఖ్య కాదు, దాని బలాన్ని తెలిపే సూచిక మాత్రమే. లోడ్ ఇండెక్స్ మరింత స్పష్టమైన కొలత. ఉదాహరణకు 118 అనగా 1,320 కిలోలు, 125 అనగా 1,650 కిలోలు, 130 అనగా 1,900 కిలోలు. దాని పక్కన ఉండే ఎ6 గంటకు 30 కిలోమీటర్ల వేగాన్ని, ఎ8 గంటకు 40 కిలోమీటర్ల వేగాన్ని సూచిస్తాయి.

ఒక ఊహాత్మక ఉదాహరణ: నాలుగు చక్రాల ట్రైలరు ఖాళీ బరువు 1,500 కిలోలు. అందులో 40 కిలోల వడ్ల బస్తాలు 125 వేస్తే సరుకు 5,000 కిలోలు. మొత్తం 6,500 కిలోలు. ఒక్కో చక్రంపై 1,625 కిలోలు. ఈ లెక్కతో 125 సూచిక చాలునని తోచవచ్చును. కాని బస్తాలు సమానంగా పడవు, బాట సమతలంగా ఉండదు. పది శాతం అదనంగా తీసుకుంటే 1,788 కిలోలు. కనుక కనీసం 128 (1,800 కిలోలు), వీలైతే 130 సూచిక గల టైరు తీసుకోవలెను.

రెండు చక్రాల ట్రైలరులో కొంత బరువు కొక్కెం ద్వారా ట్రాక్టరు వెనుక ఇరుసుపై పడుతుంది. అందువల్ల సరాసరి భాగహారం పనికిరాదు. మిల్లు వద్ద వేబ్రిడ్జిపై ట్రైలరు చక్రాలను, ట్రాక్టరు వెనుక చక్రాలను విడివిడిగా తూచుట ఉత్తమం.

మూడవ మెట్టు: బయాస్, రేడియల్

బయాస్ టైరులో పొరలు ఏటవాలుగా ఒకదానినొకటి దాటుతూ ఉంటాయి. పక్క గోడ దృఢంగా ఉంటుంది, ధర తక్కువ. రేడియల్ టైరులో పొరలు అంచు నుండి అంచుకు నేరుగా సాగి, పైభాగం కింద పట్టీలు ఉంటాయి. నేలను తాకే వైశాల్యం పెరిగి జారుడు, అరుగుదల తగ్గుతాయి, రోడ్డుపై వేడి తక్కువగా పుడుతుంది. అయితే పక్క గోడ మెత్తన. మోళ్లు, రాళ్లు ఎక్కువగా ఉన్న చేలలో తిరిగే ట్రాక్టరుకు బయాస్, దూరపు రవాణా ప్రధానమైన ట్రాక్టరుకు రేడియల్ పరిశీలించదగినవి. ఒకే ఇరుసుపై రెండు రకాలను కలపరాదు.

కొలతల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 13.6-28 అనగా టైరు వెడల్పు 13.6 అంగుళాలు, రిమ్ము వ్యాసం 28 అంగుళాలు. రేడియల్‌లో దీనికి సమానమైనది 340/85 ఆర్28. నాలుగు చక్రాలకూ శక్తి అందే ట్రాక్టరులో ముందు, వెనుక టైర్ల చుట్టుకొలతల నిష్పత్తి చెడితే గట్టి రోడ్డుపై ముందు టైర్లు వేగంగా అరుగుతాయి. అట్టి ట్రాక్టరుకు తయారీదారు సూచించిన జతలను మాత్రమే వాడవలెను, పొడి రోడ్డుపై ముందు చక్రాల శక్తిని నిలిపివేయవలెను.

గాలి, నీటి బరువు

ట్రాక్టరు వెనుక టైరుకు పొలంలో తక్కువ గాలి, రవాణాలో ఎక్కువ గాలి అవసరం. ఒకే ఒత్తిడితో ఏడాదంతా నడపడమే అకాల నష్టానికి ముఖ్య కారణాలలో ఒకటి. ఎంత గాలి నింపవలెననేది తయారీదారు పట్టికలో బరువు, వేగం ప్రకారం చూడవలెను. ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవవలెను. మధ్యాహ్నం వేడికి పెరిగిన ఒత్తిడిని చూసి గాలి తీసివేస్తే రాత్రికి అది తక్కువవుతుంది. అధిక ప్లై రేటింగు టైరులో తగిన గాలి లేకపోతే దాని అదనపు బలం నిరుపయోగం.

దుక్కి కోసం వెనుక టైర్లలో నింపిన నీరు రోడ్డుపై వృథా బరువు. రవాణా కాలంలో దానిని తగ్గించుట మేలు. అయితే కొండవాలు బాటలపై ట్రాక్టరు తేలికైతే బరువైన ట్రైలరు దానిని నెట్టివేసే ప్రమాదమున్నది. కనుక ఈ నిర్ణయం బాటను బట్టి తీసుకోవలెను.

నాలుగవ మెట్టు: గంటకు ఖర్చు

ధరను ఆయుష్షుతో భాగించి పోల్చవలెను. లెక్క కోసం ఒక జత ధర 40,000 రూపాయలు, ఆయుష్షు 2,000 గంటలు అనుకొంటే గంటకు 20 రూపాయలు. మరొక జత ధర 52,000 రూపాయలు, ఆయుష్షు 3,200 గంటలు అయితే గంటకు 16 రూపాయల 25 పైసలు. ధర ఎక్కువైనదే ఇక్కడ చౌక. కాని రెండవ జత పక్క గోడ మోళ్లకు చీలి 2,000 గంటలకే పోతే గంటకు 26 రూపాయలవుతుంది. కోతకాలంలో బండి ఆగితే కోల్పోయే కిరాయిని కూడా ఈ లెక్కలో చేర్చవలెను.

ఆయుష్షును అంచనా వేయుటకు గట్టు లోతును స్కేలుతో కొలవవచ్చును. కొత్తలో 30 మిల్లీమీటర్లు ఉన్న గట్టు 500 గంటల తరువాత 26 మిల్లీమీటర్లకు తగ్గినదనుకొందము. 8 మిల్లీమీటర్ల వద్ద మార్చాలనుకొంటే మిగిలినవి 18 మిల్లీమీటర్లు, అనగా సుమారు 2,250 గంటలు. పని వాటా మారితే ఈ అంచనా కూడా మారుతుంది.

కొనుగోలు సమయంలో పరిశీలనలు

టైరు పక్కన అచ్చువేసిన నాలుగు అంకెలు తయారీ వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 3223 అనగా 2023వ సంవత్సరం 32వ వారం. ఎండలో నిల్వ ఉండి సన్నని పగుళ్లు వచ్చిన టైరు కొత్తదైనా తీసుకోరాదు. కొత్త టైరుకు కొత్త ట్యూబు, ఫ్లాపు వేయించవలెను. ట్రైలరుకు పాత లారీ టైర్లు లేదా రీబటన్ టైర్లు కొనేవారు పైభాగాన్ని మాత్రమే కాక లోపలి పొరలను, అంచు తీగను, పాత మరమ్మతులను చూడవలెను. ముందు చక్రాలపై అట్టివి వాడరాదు. అవి పగిలితే స్టీరింగు అదుపు తప్పుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు

కంపాసాగర్, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాల పరిధిలోని గ్రామాలలో రవాణా కాలానికి ముందే గాలి కొలిచే శిబిరాలు, వేబ్రిడ్జి వద్ద ఇరుసు తూకపు ప్రదర్శనలు నిర్వహించవచ్చును. విద్యార్థులు జారుడు శాతాన్ని సులభంగా కొలవవచ్చును. వెనుక చక్రంపై సుద్దగీత గీసి, పది చుట్లలో ట్రాక్టరు పనిముట్టు భారం లేకుండా వెళ్లిన దూరాన్ని, భారంతో వెళ్లిన దూరాన్ని కొలిచి, తేడాను మొదటి దూరంతో భాగించి నూరుతో గుణించవలెను. ట్రాక్టర్ల అధికారిక లాగుడు పరీక్షలలో కూడా గాలి టైర్లకు 15 శాతం జారుడును పరిమితిగా తీసుకొంటారు. పొలంలో అంతకు మించితే ఇంధనం, రబ్బరు రెండూ వృథా.

మరొక విషయం విస్మరించరానిది. 2018 జూన్ 24న వలిగొండ మండలంలో కూలీలతో వెళుతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది మరణించారు. ఎంత మంచి టైరు వేసినా ట్రైలరు మనుషులను ఎక్కించుకొనే వాహనం కాజాలదు. టైర్లపై జరిగే ప్రతి శిక్షణలోనూ ఈ మాట చెప్పవలసి ఉన్నది.

ముగింపు

మన్నికైన టైరు అనేది అంగడిలో ఒక పేరుతో దొరికే వస్తువు కాదు. పనిగంటల నోటుపుస్తకం, వేబ్రిడ్జి చీటీ, గాలి మీటరు, స్కేలు అనే నాలుగు సాధనాలతో రైతు తన ట్రాక్టరుకు తగిన టైరును నిర్ణయించుకోగలడు. దుకాణానికి వెళ్లే ముందే ఈ లెక్క పూర్తయితే, అక్కడ అడగవలసినవి కొలత, లోడ్ ఇండెక్స్, నమూనా, తయారీ వారం మాత్రమే.