అమ్ముతానంటారు, అమ్మరు: మొదటి ఇల్లు కొనే కుటుంబాలకు ఒక పాఠం

మన స్కాలర్‌షిప్ విద్యార్థులలో బి.కాం., లా చదివేవారు కాంట్రాక్టు చట్టాన్ని పరీక్ష కోసం చదువుతారు. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం అని మూడు మాటలు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటారు. అదే చట్టం ఒకనాడు ఇంటికి వస్తుంది. నాన్నగారు మొదటిసారి ఇల్లు చూసి వచ్చి "వాళ్ళు ఇస్తామన్నారు" అని చెప్పిన నాడు. ఈ పాఠం పిల్లలూ పెద్దలూ కలిసి చదవవలసినది.

చిక్కపేట, బళేపేట, సుల్తాన్‌పేట సందుల్లో కొట్లు పెట్టుకున్నవారు, ఆ కొట్లలో పనిచేసేవారు చాలామంది లీజు ఇళ్ళలో ఉంటారు. మన ఊళ్ళో లీజు అంటే అందరికీ తెలిసినదే. పెద్ద మొత్తం ఒక్కసారి ఇచ్చి, అద్దె లేకుండా రెండు మూడేళ్ళు ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తం వెనక్కి పుచ్చుకోవడం. ఇల్లు కొనాలనుకున్న కుటుంబానికి ఆ లీజు డబ్బే మూలధనం. దానికి చీటీ డబ్బు, కొంత బంగారం, బ్యాంకు లోను చేరతాయి. పిల్లల వచ్చే ఏటి కాలేజీ ఫీజు కూడా చాలాసార్లు అదే డబ్బాలో ఉంటుంది. కాబట్టి అమ్మేవారు ఎనిమిది నెలలు నానిస్తే నష్టపోయేది ఇల్లు ఒక్కటే కాదు.

మనసు స్థిరపడని అమ్మకందారు అంటే మోసగాడని అర్థం కాదు. మోసగాళ్ళు తక్కువే. ఎక్కువమంది నిజంగానే తేల్చుకోలేనివారు. కొందరు ధర ఎంత పలుకుతుందో చూడటానికే బేరం పెడతారు. మీరు 60 లక్షలన్నారని పక్కవారికి చెప్పి 63 అడుగుతారు. కొందరికి తామెక్కడికి వెళ్ళాలో తెలియదు, వేరే ఇల్లు కుదిరితే గానీ ఇది వదలరు. కొందరికి ఇంటి మీద తాకట్టు ఉంటుంది. పేటలో అన్నిటికంటే తరచుగా కనబడేది నాలుగో రకం. మాట్లాడుతున్నవారు ఒకరు, హక్కుదారులు అయిదుగురు.

కెంపేగౌడ 1537లో వేయించిన పేట ఇది. ఇక్కడి పాత ఇళ్ళు తాతల నుండి వచ్చినవి. కింద కొట్టు, మీద కాపురం, వెనుక గోదాము, ఒక్కో గదికి ఒక్కో వాటాదారు. "మా పెద్దవాడు అమెరికా నుండి వచ్చాక చూద్దాం బాబూ" అని పెద్దావిడ అన్నారంటే అది సాకు కాకపోవచ్చు. ఆమె ఒక్కరూ సంతకం పెట్టినా చెల్లదన్నది ఆమెకూ తెలుసు. పిత్రార్జిత ఆస్తిలో కూతుళ్ళకు సమాన హక్కు కర్ణాటకలో 1994 సవరణతోనే మొదలయింది, దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9 నుండి వచ్చింది. 2005 నాటికి తండ్రి బ్రతికి ఉండనక్కరలేదని సుప్రీం కోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. ఇక తండ్రి స్వార్జితమై వీలునామా లేకపోతే భార్య, కొడుకులు, కూతుళ్ళు, బ్రతికి ఉంటే ఆయన తల్లి, అందరికీ సమాన వాటా. పెళ్ళయి హొసూరులోనో అనంతపురంలోనో ఉన్న ఆడపడుచు సంతకం అక్కరలేదని బ్రోకరు చెబితే ఆ బేరం అక్కడే ఆపండి. వాటాదారులందరూ విక్రయ పత్రంలో సంతకం చేయాలి, లేదా ముందుగానే హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేసి ఉండాలి.

కాబట్టి మొదటి బేరంలో ధర కంటే ముందు నాలుగు సంగతులు అడగాలి. ఇంటి మీద హక్కు ఎవరెవరికి ఉంది? మూల పత్రాలు ఎక్కడున్నాయి, ఇంట్లోనా బ్యాంకులోనా? ఈ-ఖాతా వచ్చిందా? మీరు ఎక్కడికి మారుతున్నారు? మూడవ ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది గానీ మంచి గీటురాయి. బెంగళూరులో 2024 అక్టోబరు నుండి ఈ-ఖాతా లేనిదే రిజిస్ట్రేషను జరగదు. నిజంగా అమ్మదలచినవారు అప్పటికే దానికి దరఖాస్తు పెట్టి ఉంటారు. పెట్టలేదంటే "మీరు దరఖాస్తు పెట్టండి, ఆ రసీదు చూపిన రోజు అడ్వాన్సు ఇస్తాను" అనవచ్చు. ఇందులో కోపతాపాలు అక్కరలేదు. నాలుగో ప్రశ్నకు "ఇంకా చూస్తున్నాం" అన్నది జవాబైతే, వారు మారేదాకా మీరు ఆగగలరా అన్నది లెక్క వేసుకోండి.

ఇప్పుడు చట్టం. నోటిమాట ఒప్పందానికి విలువ లేదని చాలామంది అంటారు. విలువ ఉంది, రుజువు లేదు. అదీ ఇబ్బంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ఇంకో మాట చెబుతుంది. అమ్మకపు ఒప్పందం అంటే అమ్మకం కాదు, దాని వల్ల ఇంటి మీద మీకు హక్కు పుట్టదు. హక్కు రిజిస్టరయిన విక్రయ పత్రంతోనే వస్తుంది. ఒప్పందం ఇచ్చేదల్లా, ఆ పత్రం రాయించుకోవడానికి కోర్టుకు వెళ్ళే అధికారం. జనరల్ పవరాఫ్ అటార్నీ రాసిస్తాం, అదే అమ్మకం అనుకోండి అనేవారి మాట కూడా చెల్లదు. సూరజ్ ల్యాంప్ కేసులో 2011లో సుప్రీం కోర్టు ఆ దారి మూసేసింది.

ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలా? స్వాధీనం ఇవ్వని ఒప్పందానికి కర్ణాటకలో రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 1999 సవరణ నుండి తప్పనిసరి, ఊళ్ళో ఆస్తి కొనేవారు ఇది గుర్తుంచుకోవాలి. తప్పనిసరి కాకపోయినా ఇక్కడ కూడా చేయించడమే మేలు. ఎందుకంటే రిజిస్టరయిన ఒప్పందం ఇ.సి.లో కనబడుతుంది. అమ్మేవారు మీ వెనుక ఇంకొకరికి అమ్మితే, ఆ రెండో కొనుగోలుదారు "నాకు తెలియదు" అనలేడు. తెలిసి కొన్నవాడి మీద కూడా మీ ఒప్పందాన్ని అమలు చేయించవచ్చునని 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం 19వ సెక్షను చెబుతుంది. ఇంకో లాభం, నా దృష్టిలో అసలు లాభం, వేరే ఉంది. రిజిస్ట్రారు ఆఫీసుకు రమ్మంటే తేలనివారు అక్కడే తేలిపోతారు.

సంచకారం ఎంత ఇవ్వాలి? టోకెన్ అడ్వాన్సు పేరుతో ముందు చిన్న మొత్తం, పత్రాలు వకీలు చూశాక ఒప్పందం నాడు మిగతాది. ధరలో పదో వంతు మించకుండా చూసుకోండి. ఎంతయినా చెక్కుగానో బ్యాంకు ద్వారానో ఇవ్వండి. 2015 జూన్ నుండి స్థిరాస్తి అడ్వాన్సు 20,000 రూపాయలు గానీ ఆపైన గానీ నగదుగా పుచ్చుకోరాదు. పుచ్చుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. "కొంత తెలుపు, కొంత నలుపు" అనే బేరంలో నలుపు భాగానికి రసీదు ఉండదు. అమ్మేవారు మనసు మార్చుకున్న రోజున ఆ భాగం పోయినట్టే.

60 లక్షల ఇంటికి లెక్క చూడండి. బ్యాంకు ఎక్కువలో ఎక్కువ 80 శాతం, అంటే 48 లక్షలు ఇస్తుంది. చేతి నుండి 12 లక్షలు. స్టాంపు డ్యూటీ 5 శాతం 3,00,000. దాని మీద సెస్సు పదో వంతు 30,000, నగరంలో సర్‌ఛార్జీ 2 శాతం 6,000. రిజిస్ట్రేషను ఫీజు 2025 ఆగస్టు 31 నుండి 1 శాతం బదులు 2 శాతమయింది, కనుక 1,20,000. చేతి నుండి మొత్తం 16,56,000, వకీలు ఫీజు, బ్రోకరు కమీషను కాక. ధర 50 లక్షలు గానీ ఆపైన గానీ ఉంటే 1 శాతం, ఇక్కడ 60,000, అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి పట్టుకుని ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. వాటాదారు విదేశంలో ఉంటే ఈ 1 శాతం లెక్క వర్తించదు, ముందే ఆడిటరును అడగండి. బ్యాంకు మంజూరు పత్రానికి కూడా గడువు ఉంటుంది, సాధారణంగా 3 నుండి 6 నెలలు. అమ్మేవారు "ఆషాఢం పోనీండి" అని, తరువాత "మూఢం పోనీండి" అని అంటూ ఉంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది, వడ్డీ రేటు మారిపోతుంది.

ఇంటి మీద వేరే బ్యాంకు అప్పు ఉంటే భయపడి వదులుకోనక్కరలేదు. అప్పు ఎంత మిగిలిందో చూపే లేఖ తెప్పించి, ఆ మేరకు చెక్కు నేరుగా ఆ బ్యాంకు పేరనే ఇవ్వాలి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో మూల పత్రాలు తిరిగివ్వాలని, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2023 డిసెంబరు 1 నుండి అమలులో ఉంది.

ఇక అందరూ పొరబడే చోటు ఒకటుంది. అమ్మేవారు నానుస్తున్నారు కాబట్టి న్యాయం మన వైపే ఉందనుకుని ఊరుకోవడం. కోర్టు అడిగే మొదటి ప్రశ్న "నీవు సిద్ధంగా ఉన్నావా?" అని. నిర్దిష్ట పరిహార చట్టం 16వ సెక్షను ప్రకారం కొనేవారు మొదటి నుండీ సిద్ధంగా, సుముఖంగా ఉన్నట్టు రుజువు చేయాలి. సిద్ధం అంటే డబ్బు, సుముఖం అంటే నడవడి. 2018 సవరణ తరువాత ఒప్పందం అమలు చేయించడంలో కోర్టుకున్న విచక్షణ బాగా తగ్గింది, అయినా ఈ షరతు అలాగే ఉంది.

మదురై ఇంటి కేసు చూడండి. 1978 డిసెంబరులో 60,000 రూపాయలకు ఒప్పందం, 5,000 అడ్వాన్సు, ఆరు నెలల గడువు. కొనేవారు సుమారు రెండున్నర ఏళ్ళు కదలకుండా ఉండి తరువాత కోర్టుకు వెళ్ళారు. ఈలోగా ధరలు పెరిగాయి. 1997లో సుప్రీం కోర్టు వారికి ఇల్లు ఇప్పించలేదు. స్థిరాస్తి విషయంలో గడువు అంత ముఖ్యం కాదన్న పాత సూత్రాన్ని, నగరాల్లో ధరలు పరుగెత్తే కాలంలో మళ్ళీ ఆలోచించాలని ఆ తీర్పులో అన్నది.

ఇంకొకటి మన బెంగళూరుదే. 2007 జూలైలో ఒప్పందం, ధర 55 లక్షల 50 వేలు, ముందుగా ఇచ్చింది 20 లక్షలు, మిగిలింది నాలుగు నెలల్లో కట్టాలి. కట్టలేదు. వివాదం సుప్రీం కోర్టు దాకా వెళ్ళి 2025 మే నెలలో తీర్పు వచ్చింది. ఇల్లూ రాలేదు, 20 లక్షలూ రాలేదు. ఒప్పందంలో ఆ మొత్తం వదులుకోవాలన్న షరతు ఉంది, పైగా కొనేవారు తమ దావాలో అడ్వాన్సు తిరిగి ఇప్పించమని అడగనే లేదు. 22వ సెక్షను ప్రకారం అడగనిది కోర్టు ఇవ్వదు. లా విద్యార్థులు ఈ సెక్షనును అడ్డగీత గీసి చదవండి. "ఇల్లు ఇప్పించండి, లేకుంటే వడ్డీతో సొమ్ము ఇప్పించండి" అని రెండూ రాయాలి. కొనేవారి తప్పు లేనప్పుడు ముందుగా ఇచ్చిన సొమ్ముకు ఆ ఇంటి మీదే పూచీ ఉంటుందని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షనులో ఉంది, అది కూడా చూడండి.

దావాకు గడువు మూడేళ్ళు. ఒప్పందంలో తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుండి, లేకపోతే అమ్మేవారు కాదన్న సంగతి మీకు తెలిసిన రోజు నుండి. కోర్టు ఫీజును ఒప్పందపు ధర మీద లెక్క కడతారు, అది చిన్న ఖర్చు కాదు. నా అభిప్రాయంలో, ఇచ్చింది చిన్న టోకెనే అయితే, అమ్మేవారికి ఇష్టం లేదని తేలిపోతే, సొమ్ము వెనక్కి పుచ్చుకుని ఇంకో ఇల్లు చూసుకోవడం మంచిది. అది ఓటమి కాదు. సగం ధర ఇచ్చేసినవారి సంగతి వేరు, వారు వెంటనే వకీలును కలవాలి.

కోర్టు దాకా పోకముందు చేయగలిగింది ఒక ఉత్తరం. గొడవ పడకుండా, మర్యాదగా. ఇలా రాయవచ్చు:

"అమ్మగారికి నమస్కారాలు. ఫలానా తేదీ ఒప్పందం ప్రకారం మిగిలిన సొమ్ము చెల్లించి రిజిస్ట్రేషను చేయించుకోవడానికి మేము సిద్ధంగా ఉన్నాము. బ్యాంకు మంజూరు పత్రం నకలు జతచేశాము, దాని గడువు మార్చి 31. వాటాదారులందరూ రాగల తేదీని ఈ ఉత్తరం అందిన 15 రోజులలోపు తెలియజేయ కోరుతున్నాము. మీకు వీలు కాని పక్షంలో అడ్వాన్సు తిరిగి ఇప్పించగలరు."

దీన్ని స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపి నకలు దాచుకోండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. వాట్సాప్ సందేశాలు కూడా చెరపకండి. పాత పత్రాలు కన్నడంలో ఉంటాయి, అమ్మానాన్నలకు చదవడం రాకపోతే కన్నడ బడిలో చదివిన పిల్లలు పక్కన కూర్చుని పేర్లు, తేదీలు, హద్దులు చదివి వినిపించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, విక్రయ పత్రం రిజిస్టరయ్యే తేదీ ఖాయమయ్యే వరకు ఉన్న లీజు ఇంటికి ఖాళీ చేస్తామని నోటీసు ఇవ్వకండి. లీజు గడువు దగ్గర పడితే యజమానితో మాట్లాడి రెండు మూడు నెలలు పొడిగించి రాయించుకోండి.

సాధన

1. ధర 75 లక్షలు, బ్యాంకు 80 శాతం ఇస్తుంది. పై రేట్ల ప్రకారం చేతి నుండి ఎంత కావాలి?

2. తండ్రి వీలునామా లేకుండా పోయారు. ఇల్లు ఆయన స్వార్జితం. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు, ఆయన తల్లి లేరు. పెద్ద కొడుకు ఒక్కడే ఒప్పందం రాశాడు. కొనేవారికి ఎంత వాటా మీద ధైర్యం ఉండవచ్చు?

3. ఒప్పందంలో రిజిస్ట్రేషను తేదీ 2024 జూన్ 30 అని ఉంది. అమ్మేవారు రాలేదు. దావా వేయడానికి చివరి గడువు ఎప్పుడు? తేదీయే రాయకపోయి ఉంటే జవాబు ఎలా మారుతుంది?