ఏ అలవాట్లూ లేవని డాక్టరుకు ఎందుకు చెప్పారు?

అమ్మా, మాది దేవరకద్ర దగ్గర పల్లె. మా ఆయనకు నలభై ఏండ్లు, మేస్త్రీ పని. పదేండ్ల సంది కల్లు తాగుతుండు. మొదట్ల పొద్దుగూకినంక ఒక సీసా. ఇప్పుడు నాలుగైదు సీసాలు. పొద్దుగాల లేస్తనే దుకాణం కాడికి పోకుంటే చేతులు వణుకుతయి, ముద్ద నోట్ల పెట్టుకోలేడు. ఊళ్లె అందరు దాన్ని మందు కల్లు అనే అంటరు.

పోయిన ఎండకాలం బిల్డింగు పనికి పూణె పోయిండు. అక్కడ మన కల్లు యాడిది? మూడో దినం గోడ కడుతుంటే ఫిట్సొచ్చినయి. పక్కోళ్లు పట్టుకోకుంటే మూడో అంతస్తు మీదికెళ్లి పడుతుండె. ఇంటికి తోలుకొచ్చి ప్రైవేటు దవాఖానల చూపిచ్చినం. తలకు స్కాన్ తీసిండ్రు, 12 వేలయింది, ఏం లేదన్నరు. ‘ఏమన్న అలవాట్లున్నయా’ అని డాక్టరమ్మ అడిగింది. ఏం లేవన్నం. అట్లనే చెప్పాలని మా మరిది ముందే అన్నడు. ఫిట్స్ గోలీలు రాసిచ్చింది. ఇంటికొచ్చి కల్లు తాగంగనే మనిషి మంచిగైండు.

ఉగాదికి మైసమ్మ కాడ ఒట్టు పెట్టుకుండు, ఇగ ముట్టనని. రెండో రాత్రి గోడల మీద పురుగులు పాకుతున్నయని, ఎవరో చంపనీకి వస్తున్నరని ఒకటే లొల్లి. గదిల పెట్టి గొళ్లెం వేసినం. ఆఖరుకు మా అత్తనే పోయి సీసా తెచ్చి తాపింది. అరగంటల నిద్రపోయిండు. అత్త కూడా రాత్రికి ఒక సీసా తాగుతది, లేకుంటే నిద్ర పట్టదంటది.

ఇప్పుడు మా మరిది హైదరాబాదుల ఒక సెంటరు చూసిండు. నెలకు 30 వేలు, మూడు నెలలు ఉంచాలట. రాత్రి జీపు పంపిస్తరట, నిద్రల ఉండంగనే తీస్కపోతరట. మూడు నెలలు ఫోన్ లేదు, చూడనియ్యరు. అరెకరం అమ్ముదామంటున్నడు. పాలమూరు పెద్దాసుపత్రికి పోదామంటే, అక్కడ మా ఆడబిడ్డ అత్తగారి దిక్కు మనిషి ఆయాగ చేస్తది. సంగతి బయటపడితే మా పెద్దపిల్లకు సంబంధాలు రావని భయం. పిల్ల ఇంటర్ చదువుతుంది. భూమి అమ్మాల్నా, ఏం చెయ్యమంటరు?

– ఒక అక్క, మహబూబ్‌నగర్ జిల్లా

బిడ్డా, భూమి అమ్మొద్దు. ఆ జీపును మీ ఊరి పొలిమేర దాటి రానియ్యొద్దు. మిగతాది తర్వాత.

ఇన్ని ఉత్తరాల్లో నీది తీసి జవాబు రాస్తున్నానంటే కారణం ఒక్క మాట: ‘ఏం లేవన్నం.’ ఆ డాక్టరమ్మ అడగాల్సిన ప్రశ్నే అడిగింది. మీరు అబద్ధం చెప్పారు. కల్లు సంగతి ఆ గదిలోనే చెప్పి ఉంటే వైద్యం ఆ రోజే మొదలయ్యేది. ఫిట్స్ ఎందుకొచ్చాయో తెలియక ఆమె మూర్ఛకిచ్చే గోలీలు రాసి పంపింది. స్కాన్‌లో కల్లు కనపడదు కదా! నాకు మీ మీద కోపం వచ్చింది, దాచుకోను. మూడో అంతస్తు మీది నుంచి పడబోయిన మనిషిని పక్కవాళ్లు కాపాడి ఇంటికి పంపితే, మీరు పరువు కోసం డాక్టరు ముందు నోరు కట్టుకున్నారు.

మందు కల్లు అని ఊరంతా అంటుంది గానీ ఆ మందేమిటో ఎవరూ అడగరు. మన జిల్లాల్లో కల్తీ కల్లులో మళ్లీ మళ్లీ దొరుకుతున్నవి అల్ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్. మొదటి రెండూ నిద్రకూ ఆందోళనకూ డాక్టరు చీటీ మీద మాత్రమే ఇచ్చే మందులు, 1985 నాటి మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవి. మీ ఊళ్లో తాటిచెట్లు, ఈతచెట్లు ఎన్ని ఉన్నాయో, దుకాణంలో రోజుకు ఎన్ని సీసాలు పోతున్నాయో ఒకసారి లెక్క చూసుకో. చెట్టెక్కి గీసుకొచ్చే గీత కార్మికుడి మీద నాకు ఏ కోపమూ లేదు, పండక్కి దేవతకు కల్లు పెట్టే ఆచారం మీదా లేదు. నీళ్లలో పొడి కలిపి కల్లని అమ్మేవాణ్ని మాత్రం క్షమించలేను.

కాబట్టి నీ భర్త పదేళ్లుగా తనకు తెలియకుండానే నిద్రమాత్రలు మింగుతున్నాడు. ఒళ్లు వాటికి అలవాటు పడింది. ఒక్కసారిగా ఆపితే వణుకు, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్, లేనివి కనపడటం. పూణెలో మూడో రోజు వచ్చిందీ అదే, ఒట్టు పెట్టుకున్న రెండో రాత్రి వచ్చిందీ అదే. ఒట్టు తప్పాడని అతణ్ని ఎవరూ అనొద్దు. ఆ రాత్రి అతను ప్రాణాపాయంలో ఉన్నాడు, మీరేమో గొళ్లెం పెట్టారు. 2015 సెప్టెంబర్‌లో ఆబ్కారీ వాళ్లు కల్తీ కల్లును అరికట్టినప్పుడు పాలమూరులోనూ నిజామాబాద్‌లోనూ జనం సరిగ్గా ఇట్లాగే వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ ఆసుపత్రులకు వచ్చారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తాకిడి పెరిగిపోయింది. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. మీరు ఇంటిగుట్టు అనుకుంటున్నది ఇన్ని ఊళ్ల జబ్బు.

డబ్బు సంగతి తొందరగా చెప్తాను, ఎందుకంటే మీ అసలు కష్టం డబ్బు కాదు. మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రి 2016లో వచ్చిన ప్రభుత్వ మెడికల్ కాలేజీకి అనుబంధం. అక్కడ మానసిక వైద్యం ఓపీలో చూపించండి. చూసినందుకూ, మంచానికీ ఫీజు లేదు. మీకయ్యే ఖర్చు బస్సు చార్జీలు, తోడుండేవాళ్ల కూలి. అక్కడ కుదరకపోతే ఎర్రగడ్డ ఉంది. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా తెలుగులో ఫోన్ చేయొచ్చు. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. కేంద్ర ప్రభుత్వ సాయంతో స్వచ్ఛంద సంస్థలు ఉచితంగా నడిపే కేంద్రాలు ఎక్కడున్నాయో వాళ్లను అడగండి.

ఇక మీ మరిది చూసిన సెంటరు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా జబ్బుగానే లెక్క కట్టింది. ఇట్లాంటి కేంద్రాలకు రిజిస్ట్రేషన్ ఉండాలి. మనిషి ఒప్పుకోకుండా చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అట్లా చేర్చినా మొదట 30 రోజులకు మించి ఉంచకూడదు. నిద్రలో ఎత్తుకుపోవడం, మూడు నెలలు ముఖం చూపించకపోవడం ఏ వైద్యమూ కాదు. అర్ధరాత్రి ఫిట్స్ వస్తే అక్కడ చూసేదెవరని మీ మరిది అడిగాడా? ఆ 90 వేలు చికిత్సకు కాదు బిడ్డా. మనిషిని ఎవరికీ కనపడకుండా మూడు నెలలు దాచిపెట్టడానికి.

నాకు అర్థం కానిది ఈ దాపరికమే. పొద్దున్నే వణికే చేతులతో దుకాణానికి పోయే మనిషిని ఊరు చూస్తూనే ఉంది. ఎప్పుడైనా పడిపోతే లేపి తెచ్చేదీ ఊరివాళ్లే. అప్పుడు పోని పరువు ఓపీ చీటీ రాయించుకునే వరసలో నిలబడితే పోతుందా? మన కుటుంబాల్లో తాగేవాడిది ఒక తప్పయితే దాచేవాళ్లది పది తప్పులు. తండ్రికి బాగాలేదని బడిలో పిల్లలు అబద్ధం చెప్పాలి, మొగుడు కొడితే జారిపడ్డానని పెళ్లాం అబద్ధం చెప్పాలి, కూలికి ఎందుకు రాలేదంటే జ్వరమని తల్లి అబద్ధం చెప్పాలి. ఇంటిల్లిపాదీ కలిసి ఒక జబ్బుకు కాపలా కాస్తారు. ఈ కాపలా పని ఎప్పుడూ ఆడవాళ్ల మీదే పడుతుంది. మీ మరిది చెప్పమన్నాడు, నువ్వు చెప్పావు. రేపు ఏదైనా జరిగితే మాట పడేది మాత్రం నువ్వే.

పెద్దపిల్ల సంబంధం అన్నావు. ఇంటర్ చదివే పిల్లకు ఇప్పుడు సంబంధం మాటెందుకు? డిగ్రీ చదవనియ్యి. ఆ అరెకరం ఆ చదువుకు అండగా ఉండాలి.

ఆసుపత్రిలో పని చేసే ఆ ఆయమ్మ దగ్గరికి నువ్వే పోయి విషయం చెప్పు. దాక్కోవద్దు. లోపలి మనిషి ఉండటం మీకు బలం: డాక్టరు ఏ రోజు ఉంటాడు, ఏ గది, చేర్చుకుంటే తోడు ఎవరుండాలి, అన్నీ ఆమెకు తెలుసు. రోజూ ఇట్లాంటి ఇళ్లను చూసే మనిషి ఆమె.

పోయే ముందు ఒక కాగితం మీద రాసిపెట్టుకో. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి, చివరి సీసా ఎప్పుడు తాగాడు, ఆపిన తర్వాత ఎన్ని గంటలకు వణుకు మొదలైంది, ఫిట్స్ ఎన్నిసార్లు వచ్చాయి, ఇంకేం గోలీలు వాడుతున్నాడు. పూణె సంగతి, స్కాన్ సంగతి, గోడ మీద పురుగుల సంగతి అన్నీ చెప్పు. ‘మందు కల్లు’ అనే చెప్పు, మన జిల్లా డాక్టర్లకు ఆ మాట బాగా తెలుసు. మామూలుగా ఇలాంటప్పుడు వాళ్లు లెక్క ప్రకారం మందు ఇచ్చి దాన్ని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వస్తారు. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండాల్సి రావచ్చు, ఆ తర్వాత నెలల తరబడి తిరగాలి. మందుల షాపులో అడిగి సొంతంగా గోలీలు తెచ్చి వేయొద్దు. ఫిట్స్‌కని రాసిచ్చిన గోలీలు కూడా మీ అంతట మీరు ఆపొద్దు, చూపించి అడగండి.

డాక్టరు చూసేదాకా ఒక్కసారిగా బంద్ పెట్టించొద్దు, గదిలో వేసి గొళ్లెం పెట్టొద్దు. మధ్యలో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టు. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

అతనితో నువ్వే మాట్లాడు, పొద్దున వణుకు తగ్గిన వేళ చూసుకుని. పూణె పోయి, ఒట్టు పెట్టుకుని తన వల్ల అయినంత చేసిన మనిషి అతను. ఇది మొండితనం కాదు, జబ్బు అని చెప్తే తనే వస్తాడని నాకు నమ్మకం.

వెళ్లేటప్పుడు మీ అత్తను కూడా వెంట తీసుకుపో. సీసా లేకపోతే నిద్ర పట్టదన్నావు, ఆమెకూ అదే జబ్బు పట్టింది. కొడుకు మానుతున్నాడు కదా అని ఆమెను కూడా ఆ రోజు నుంచే మాన్పించొద్దు. ఆమె పేరు మీద ఇంకో చీటీ రాయించు.